ర్యాన్సమ్‌వేర్ పడిందా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చేయండి

ఫొటోలు తెరుచుకోవు. ఫైళ్ల పేర్ల చివర ఏవో కొత్త అక్షరాలు. ప్రతి ఫోల్డర్‌లోనూ ‘డబ్బు కడితేనే తాళం తీస్తాం’ అని ఇంగ్లీషులో ఓ నోట్. ఇలా ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్‌నే ర్యాన్సమ్‌వేర్ అంటారు. ఇళ్లలోని కంప్యూటర్లను బాగా పీడించిన ‘స్టాప్ డీజేవీయూ’ రకమైతే దాదాపు వెయ్యి డాలర్లు అడుగుతుంది, 72 గంటల్లోపు కడితే సగమేనట. క్రాక్ (దొంగ కాపీ) సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే సరుకు ఇది.

రిపేర్ షాపుకి తీసుకెళ్తే చాలాచోట్ల వినిపించే మాట, ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్’. వైరస్ పోతుంది, నిజమే. దాంతోపాటు డేటా తిరిగొచ్చే ఆశ కూడా పోతుంది. ఫార్మాట్ చివర్లో చేయాల్సిన పని.

1. నెట్ తీసేయండి

వైఫై ఆపండి, ల్యాన్ వైరు పీకండి, పెన్‌డ్రైవ్‌లూ బయటి హార్డ్‌డిస్కులూ తీసేయండి. ఫైళ్లు ఇంకా మారిపోతూనే ఉంటే హైబర్నేట్ చేయండి (మెమరీలో ఉన్నదాన్ని డిస్కులో దాచి కంప్యూటర్‌ను ఆపే ఆప్షన్ ఇది), అది లేకపోతే వేరే దారి లేదు కాబట్టి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. రీస్టార్ట్ మాత్రం వద్దు. 2017 మేలో మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లను కూడా తాకిన వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ విషయంలో, రీస్టార్ట్ చేయని కొన్ని పాత విండోస్ సిస్టమ్‌ల మెమరీలోంచే తాళం చెవిని బయటికి తీయగలిగారు.

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ సింక్ అయ్యే కంప్యూటరైతే ఫోన్‌లోంచి లాగిన్ అయి చూడండి. లాక్ అయిన ఫైళ్లు అక్కడికీ ఎక్కి ఉంటే కంగారు పడొద్దు, పాత వెర్షన్లు సాధారణంగా 30 రోజుల వరకు ఉంటాయి.

2. సాక్ష్యాలు దాచండి

నోట్‌ని ఫోన్‌తో ఫొటో తీయండి. లాక్ అయిన ఫైళ్లను, నోట్‌ని ఖాళీ హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి పక్కన పెట్టండి. ఈరోజు తెరుచుకోనివి రేపు తెరుచుకోవచ్చు. ఫైల్ పేరు చివర అక్షరాలు చెరిపేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, తాళం పేరుకి కాదు, లోపలి డేటాకి.

3. ఏ రకమో తేల్చుకోండి

వేరే కంప్యూటర్లో ‘నో మోర్ ర్యాన్సమ్’ సైటు తెరవండి. యూరోపోల్ (యూరోపియన్ యూనియన్ పోలీసు సంస్థ), నెదర్లాండ్స్ పోలీసులు, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో పెట్టిన ఉచిత సైటు ఇది. ఇందులోని ‘క్రిప్టో షెరిఫ్’కి లాక్ అయిన ఫైళ్లు రెండు, ఆ నోట్ ఇస్తే ఏ రకమో, ఉచిత టూల్ ఉందో లేదో చెబుతుంది. ఆధార్ కాపీల్లాంటివి అప్‌లోడ్ చేయకండి.

స్టాప్ డీజేవీయూ అయితే నోట్ చివర ఉన్న పర్సనల్ ఐడీ చూడండి. అది ‘టీ1’ (t1)తో ముగిస్తే ఆఫ్‌లైన్ కీ, అంటే చాలామందికి ఉమ్మడిగా వాడే తాళం చెవి, వాడినట్టు. అప్పుడు ఎమ్సీసాఫ్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ ఉచిత టూల్‌తో ఫైళ్లు తెరుచుకునే అవకాశం ఉంది, ఈరోజు కాకపోయినా కీ దొరికినప్పుడు. ఒక్కో కంప్యూటర్‌కి వేరుగా ఉండే ఆన్‌లైన్ కీ అయితే ఆశ తక్కువ. ఇది పెద్ద ఫైళ్ల మొదటి భాగాన్నే పాడుచేస్తుంది కాబట్టి కొన్ని వీడియోలను రిపేర్ చేసుకోవచ్చు. పెళ్లి వీడియోలు పోయినవాళ్లు ఇది ప్రయత్నించి తీరాలి.

4. డబ్బు సంగతి

కట్టొద్దనే నా మాట. కట్టినా చెవి ఇస్తారన్న హామీ లేదు. ‘గ్యారంటీగా రికవరీ చేస్తాం’ అనే వాళ్లతోనూ జాగ్రత్త, కొందరు దొంగకే కట్టేసి మీ దగ్గర రెట్టింపు లాగుతారు.

1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. కంపెనీలైతే విషయం తెలిసిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పడం 2022 నుంచి తప్పనిసరి.

5. ఇప్పుడు ఫార్మాట్

డిస్కంతా చెరిపి విండోస్ కొత్తగా వేయండి. ఈ రకం వైరస్‌లు బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామ్‌లను కూడా వెంట తెస్తాయి. అందుకే మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు శుభ్రంగా ఉన్న వేరే ఫోన్ నుంచి మార్చండి, అదీ మొదటి రోజే. ముందే తీసిపెట్టుకున్న బ్యాకప్ హార్డ్‌డిస్కు ఉంటే దాన్ని కొత్త విండోస్, యాంటీవైరస్ సిద్ధమయ్యాకే తగిలించండి. కాపీ అవగానే తీసి బీరువాలో పెట్టండి.