ఫ్లోరైడ్ నీళ్లు: పటిక ఎంత వేయాలి, ఎలా వేయాలి

చంద్రపూర్, యవత్‌మాళ్, నాందేడ్ జిల్లాల్లో చాలా బోరింగుల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. మరిగిస్తే అది పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ దీపం కూడా దాన్ని ఆపలేవు. ఆర్వో తీస్తుంది కానీ కరెంటు కావాలి, సగానికి పైగా నీళ్లు పారబోయాల్సి వస్తుంది. అందుకే నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించిన పటిక పద్ధతి, నల్గొండ పద్ధతి అంటారే, అదే పల్లె ఇంటికి తగినది.

ముందు పరీక్ష. బోరింగు కొన్ని నిమిషాలు కొట్టి, అదే నీటితో ప్లాస్టిక్ సీసా కడిగి నింపి జిల్లా ల్యాబుకు ఇవ్వండి. గాజు సీసా వద్దు. ఫ్లోరైడ్‌తో పాటు క్షారత (ఆల్కలినిటీ), అంటే నీరు ఆమ్లాన్ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె కూడా రాయించుకోండి. రెండూ లీటరుకు మిల్లీగ్రాముల్లోనే ఉంటాయి. చాలామంది వదిలేసేది ఇదే, మోతాదు తేల్చేదీ ఇదే. ఫ్లోరైడ్ 3 ఉన్న నీటికి క్షారత 200 అయితే లీటరుకు 300 మిల్లీగ్రాముల పటిక చాలు. 400 అయితే 405 కావాలి. పక్క బోరింగు లెక్క మీ బోరింగుకు పనికిరాదు.

పటిక అంటే ఇక్కడ వాటర్‌వర్క్స్‌లో వాడే అల్యూమినియం సల్ఫేట్. కిరాణా కొట్లో తురటీ అని ఇచ్చే గడ్డలో అల్యూమినియం తక్కువ, దానికి ఈ లెక్క సరిపోదు. 100 గ్రాముల పటిక నీళ్లలో కరిగించి, ఆ ద్రావణం మొత్తం లీటరు అయ్యేలా చూడండి. వేరే సీసాలో లీటరు నీటికి 10 గ్రాముల పొడి సున్నం.

40 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము తీసుకోండి, కుళాయి అడుగు నుంచి 5 సెంటీమీటర్ల పైన ఉండాలి. అందులో 40 లీటర్ల బోరింగు నీళ్లు పోయండి. ఫ్లోరైడ్ 3, క్షారత 400 అయితే ముందు సున్నపు నీళ్లు బాగా కుదిపి 80 మిల్లీలీటర్లు, చిటికెడు బ్లీచింగ్ పౌడరు. తర్వాత పటిక నీళ్లు 162 మిల్లీలీటర్లు. ఒక నిమిషం గట్టిగా, ఆ పైన పది నిమిషాలు మెల్లగా కలపండి. దూది పింజల్లాంటి తెట్టు కడుతుంది, ఫ్లోరైడ్‌ను పట్టి కిందికి దించేది అదే. చివర్లో కూడా గట్టిగా తిప్పితే పింజలు విరిగి నీటిలోనే తేలతాయి. గంట కదపకుండా ఉంచి, పైతేటను కుళాయితో పట్టి గుడ్డలో వడకట్టండి. నలుగురైదుగురి తాగడానికి, వంటకు ఒక రోజుకి సరిపోతుంది. స్నానానికి, బట్టలకు మామూలు నీళ్లే చాలు.

తెట్టు కట్టకపోతే క్షారత తక్కువై ఉంటుంది, సున్నం కొద్దిగా పెంచండి. నీళ్లు పులుపెక్కితే పటిక ఎక్కువైంది. అవి తాగొద్దు, అల్యూమినియం నీటిలోనే మిగిలిపోతుంది. శుద్ధి చేసిన నీటిని కూడా ఒకసారి ల్యాబుకు పంపాలి. ఫ్లోరైడ్ 5 దాటితే పటిక మోతాదు బాగా పెరిగి సల్ఫేట్ ఎక్కువవుతుంది, అలాంటి బోరింగుకు బదులు వాన నీళ్లు పట్టుకోవడమో, పరీక్షించిన బావి నీళ్లు తెచ్చుకోవడమో మేలు.

అడుగున మిగిలిన బురదలో ఆ ఫ్లోరైడ్ అంతా ఉంటుంది. పశువుల తొట్టికి, బావికి, కూరమడికి దూరంగా గుంత తీసి పూడ్చండి.