కారు షెడ్డు గచ్చుకు ఎపాక్సీ: ఊడకుండా వేసే పద్ధతి

ఎక్కడైనా ఎపాక్సీ (రెజిన్, హార్డనర్ అనే రెండు ద్రవాలు కలిపి వేసే గట్టి పూత) ఊడిన గచ్చు కనబడితే ఒక పెచ్చు తీసి తిరగేసి చూడండి. వెనక బూడిదరంగు సిమెంటు పొడి అంటుకుని ఉంటే తప్పు రంగుది కాదు, గచ్చు పైపొరలో బలం లేదు. నున్నగా మెరుస్తుంటే అసలు పట్టే దొరకలేదు: నూనె మీద వేశారు, లేదా గీరకుండా వేశారు. తెల్లటి ఉప్పో, చెమ్మో కనిపిస్తే కింది నుంచి తేమ తోసింది. కర్నూలు, కడప, అనంతపురం వైపు పోర్టికోల్లో పాడయ్యే గచ్చుల్లో చాలావాటికి ఈ మూడింట్లో ఒకటే కారణం. మూడూ డబ్బా తెరవక ముందే చూసుకోవాల్సినవి.

మొదటిది మన బేల్దారుల అలవాటు. గచ్చు ముగించేటప్పుడు పైన పొడి సిమెంటు చల్లి తాపీతో నున్నగా రుద్దుతారు. కంటికి బాగుంటుంది గానీ, ఆ పలచని పొర కింది కాంక్రీటుతో కలిసిపోదు. ఎపాక్సీ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. కారు నిలబడినచోటే స్టీరింగు తిప్పితే రెండూ కలిసి లేస్తాయి. అందుకే ఆ పొర పోవాల్సిందే. 5 అంగుళాల గ్రైండరుకు డైమండ్ కప్పు (కాంక్రీటును గీసే చక్రం) బిగించి, లోపలి ఇసుక రేణువులు బయటపడేదాకా గీయాలి. తడిమితే 80 నంబరు ఎమరీ కాగితంలా గరగరలాడాలి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, మూతికి తువ్వాలు చుట్టుకుంటే ఆగదు. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని, గ్రైండరుకు వ్యాక్యూమ్ తగిలించి పని చేయాలి. అయ్యాక అక్కడక్కడా నీటి చుక్కలు వేయండి. నిమిషం లోపే ఇంకిపోతే సరే. ముత్యంలా నిలిచిన చోట మళ్లీ గీయాలి, లేదా అక్కడ నూనె ఉంది.

హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి కడిగితే సరిపోతుందని కొందరు చెప్తారు. కరెంటు పరికరం దొరకని చోట తప్ప దాని జోలికి పోకపోవడమే మంచిది. నూనె మీద అది పనిచేయదు, పైగా గచ్చును తడిపేస్తుంది. తప్పదంటే 4 వంతుల నీళ్లలో 1 వంతు యాసిడ్ పోయాలి. యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు, ముఖం మీదికి చిమ్ముతుంది. నురగ ఆగాక సోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి. చివరి కడుగుకు బోరునీళ్లు వద్దు. మన బోర్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక తెల్లటి పొరగా గచ్చు మీదే మిగులుతుంది. ఇంకో మాట: మెట్లకో అంచులకో కడప బండ, బేతంచెర్ల నాపరాయి, తాడిపత్రి బండ ఉంటే యాసిడ్ అసలు వద్దు. అవి సున్నపురాళ్లు, చుక్క పడ్డచోటల్లా తెల్లగా తినేస్తుంది.

పోర్టికో మొత్తం బండలే పరిచి ఉంటే ఎపాక్సీ ఆలోచన మానుకోండి. నున్నటి రాయిలోకి అది ఇంకదు, సందుల్లోంచి తేమ వస్తూనే ఉంటుంది, బండ కదిలితే సందు వెంబడే చీలుతుంది.

నూనె మరకల్ని గ్రైండరు పట్టకముందే తీయాలి. గీస్తే నూనె ఇంకా లోపలికి పోతుంది. బట్టల సోడా, డిటర్జెంటు చిక్కగా కలిపి, గట్టి బ్రష్షుతో రుద్ది, వేడినీళ్లతో కడగాలి. బులెట్ బండి ఏళ్ల తరబడి కారిన చోటైతే ఇదంతా రెండు మూడుసార్లు చేయాలి. అప్పటికీ చుక్క నిలుస్తుంటే ఆ ముక్కను అంగుళం లోతు చెక్కి కొత్త మోర్టారు నింపడమే దారి.

ఇక తేమ. కొత్త గచ్చయితే 28 రోజులు పూర్తిగా ఆగాలి. పాతదైనా నమ్మకూడదు. అడుగున్నర చదరం పాలిథీన్ కవరు గచ్చు మీద పరిచి, నాలుగంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించి, కనీసం 16 గంటలు వదిలేయండి. రాత్రి అంటించి మరుసటి మధ్యాహ్నం తీస్తే సరిపోతుంది. కవరు అడుగున బిందువులు కట్టినా, కింద గచ్చు నల్లబడినా వేయకూడదు. ఈ పరీక్ష నాలుగైదు చోట్ల చేయాలి, ముఖ్యంగా సంపు ఉన్నచోట. మన వైపు చాలా ఇళ్లకు నీళ్ల సంపు సరిగ్గా పోర్టికో కిందే ఉంటుంది. ఆ స్లాబు కింది నుంచి ఏడాది పొడుగునా చెమ్మ పీలుస్తూనే ఉంటుంది, మామూలు ఎపాక్సీ ఏదో ఒకనాడు పొక్కులు పొక్కుతుంది. సంపు పైభాగానికి తేమ తట్టుకునే ఎపాక్సీ ప్రైమరు (అన్నిటికంటే ముందు వేసే కోటు) అడిగి తెచ్చుకోవాలి. లేదంటే అక్కడ రంగు మానేసి, గచ్చులోకి ఇంకి గట్టిపరిచే సిలికేట్ ద్రావణంతో సరిపెట్టుకోవచ్చు. మెరుపు ఉండదు గానీ, ఊడేందుకు పొరే ఉండదు కదా.

నెర్రెల్లోనూ రెండు రకాలు. కదలనివాటిని గ్రైండరుతో వి ఆకారంలో 5, 6 మిల్లీమీటర్లు కోసి, ఎపాక్సీలో మెత్తటి సిలికా పొడి కలిపిన లప్పంతో నింపి, ఆరాక సమంగా గీయాలి. నల్లరేగడి మీద కట్టిన ఇళ్లలో నెర్రె ఎండాకాలం విచ్చుకుని వానల్లో మూసుకుంటుంది. అలాంటిదాన్ని గట్టి లప్పంతో నింపితే పక్కనే ఇంకోటి వస్తుంది. దాన్ని జాయింటులా వదిలి, పూతంతా అయ్యాక సాగే పీయూ (పాలీయురేథేన్) సీలెంటు పట్టించాలి.

సరుకు లెక్క సులువే. ఒక లీటరును 100 మైక్రాన్ల (0.1 మిల్లీమీటరు) మందంతో పరిస్తే 10 చదరపు మీటర్లకు వస్తుంది. 12 అడుగులకు 18 అడుగుల షెడ్డు అంటే సుమారు 20 చదరపు మీటర్లు. గీసిన గచ్చు పీల్చుకుంటుంది కాబట్టి ప్రైమరు 3 లీటర్లు కావాలి. ద్రావకం లేని ఎపాక్సీ బాడీ కోటు (మధ్యలోని మందపు పొర) 300 మైక్రాన్లకు 6 లీటర్లు, వృథాకు కలిపి 7 తెచ్చుకోండి. పైన పీయూ టాప్ కోటు కోటుకు రెండున్నర లీటర్ల చొప్పున రెండు కోట్లకు 5. ఒకే డబ్బాలో దొరికే 'ఎపాక్సీ ఫ్లోర్ పెయింటు'తో జాగ్రత్త. రెండు డబ్బాలు, అంటే రెజిన్ వేరు, హార్డనర్ వేరు ఉంటేనే మనకు కావాల్సిన గట్టిదనం వస్తుంది.

కాలం చూసుకోవడం మన జిల్లాల్లో ఇంకా ముఖ్యం. నవంబరు తుఫాన్లు పోయాక, మార్చి ఎండలు ముదరకముందు చేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో వద్దు. వేడి 10 డిగ్రీలు పెరిగితే కలిపిన ఎపాక్సీ గట్టిపడే సమయం ఇంచుమించు సగానికి పడిపోతుంది. రోజులో కూడా పొద్దున మొదలుపెట్టకండి. ఎండ పెరిగేకొద్దీ గచ్చు రంధ్రాల్లో గాలి వ్యాకోచించి బయటికొస్తుంది, పూత నిండా బుడగలూ సూదిబెజ్జాలూ పడతాయి. మధ్యాహ్నం మూడు దాటి గచ్చు చల్లబడుతున్నప్పుడు వేస్తే ఆ గాలే ప్రైమరును లోపలికి లాక్కుంటుంది. డిసెంబరు, జనవరిలో మంచు కురిసే రాత్రులైతే తెరిచి ఉన్న వైపు పట్టలు కట్టాలి. తేమ పడితే పైన తెల్లటి జిడ్డు పొర తేలుతుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లతో తుడిచి, ఆరబెట్టి, ఎమరీ పట్టాకే పై కోటు వేయాలి, లేకుంటే పట్టదు.

కలిపేటప్పుడు డబ్బా మీది నిష్పత్తిని కొలత గ్లాసుతోనే కొలవాలి. హార్డనర్ ఎక్కువ పోస్తే తొందరగా ఆరుతుందనుకోవడం భ్రమ, జిగటగానో పెళుసుగానో మిగులుతుంది. చిక్కగా ఉందని పెట్రోలు కలిపేవాళ్లూ ఉన్నారు, ఇక చెప్పేదేముంది! డ్రిల్లుకు కలిపే కడ్డీ తగిలించి, నెమ్మది వేగంతో 3 నిమిషాలు తిప్పాలి. తర్వాత ఇంకో బకెట్లోకి వంపి మరో నిమిషం తిప్పాలి. మొదటి బకెట్ గోడలకు కలవకుండా మిగిలిందే నేల మీద ఎన్నటికీ ఆరని మచ్చలవుతుంది. ఒక విడతకు లీటరున్నర మించొద్దు. కలిపిందాన్ని వెంటనే గచ్చు మీద చారలుగా పోసేయాలి. బకెట్లోనే ఉంచితే తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది. స్క్వీజీతో (రబ్బరు అంచున్న పలకతో) పరిచి, 9 అంగుళాల రోలరుతో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి సర్దాలి. వెనక గోడ నుంచి మొదలుపెట్టి గేటు వైపు రావాలి. ముందు వాకిట్లో నీళ్లు చల్లితే ఎర్రదుమ్ము లేవదు. చీకటి పడ్డాక పోర్టికో లైటు ఆర్పేయండి, వాన పడ్డ మర్నాడైతే ఉసిళ్లన్నీ పూతలోనే పడి చస్తాయి.

కోటుకు కోటుకు మధ్య 12 నుంచి 24 గంటలు ఆగాలి. 24 దాటితే 120 నంబరు ఎమరీతో మెరుపు పోయేలా రుద్ది, దుమ్ము తుడిచి వేయాలి. టాప్ కోటు కొనేటప్పుడు అలిఫాటిక్ పీయూనే అడగాలి. ఉట్టి ఎపాక్సీ మన ఎండకు కొన్నాళ్లకే పసుపెక్కి సుద్దలా పొడి రాలుతుంది, ఆరోమాటిక్ పీయూ కూడా పసుపెక్కుతుంది. వాలు ఉన్నచోట తొలి టాప్ కోటు తడిగా ఉండగానే సన్న క్వార్ట్జ్ ఇసుక చల్లండి. లేకుంటే వానలో జారడం ఖాయం.

24 గంటల తర్వాత చెప్పుల్లేకుండా నడవొచ్చు. కారు పెట్టడానికి 7 రోజులు ఆగాలి. హైవే మీద గంటలు తిరిగొచ్చిన వేడి టైరు పూర్తిగా గట్టిపడని పూతను మెత్తబరిచి అంటుకుంటుంది, మర్నాడు కారు తీస్తే టైరు అచ్చుతో సహా ఊడొస్తుంది. తుడవడానికి కొంచెం డిటర్జెంటు కలిపిన నీళ్లు చాలు, బాత్రూము యాసిడ్ టాప్ కోటు మెరుపును చంపుతుంది. బైకు సైడ్ స్టాండు కింద మాత్రం ఒక చెక్క ముక్క వేసుకోండి. బరువంతా ఒకే చోట పడి గుంట పడితే, అక్కడి నుంచే నీళ్లు దిగి పెచ్చు లేవడం మొదలవుతుంది.