సర్వర్‌లో డెస్క్‌టాప్ వేసే ముందు జాగ్రత్తలు

రాకీ లినక్స్ 9, ఆల్మాలినక్స్ 9 వంటి సర్వర్లలో ‘సర్వర్ విత్ జీయూఐ’ గ్రూపును (డెస్క్‌టాప్‌కు కావలసిన ప్యాకేజీల సముదాయాన్ని) డీఎన్ఎఫ్ అనే ప్యాకేజీ మేనేజర్‌తో వేయబోయేవారు ముందుగా ఈ సంగతులు సరిచూసుకోవాలి.

నిద్ర: ఈ గ్రూపుతో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వచ్చాక, లాగిన్ తెర దగ్గర ఎవరూ లేకపోతే యంత్రం కొంతసేపటికి తనంతట తానే సస్పెండ్ అయ్యే అవకాశం ఉంది, ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న సర్వర్ అలా పడుకుంటే దాన్ని ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతితో) లేపలేము కనుక, స్లీప్, సస్పెండ్, హైబర్నేట్, హైబ్రిడ్-స్లీప్ టార్గెట్లను (వ్యవస్థ చేరే స్థితులను) సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో ముందే మాస్క్ చేయాలి, అంటే అవి అసలు మొదలవకుండా అడ్డుకోవాలి.

సెషన్: ఇన్‌స్టలేషన్‌ను టీమక్స్‌లోనే (కనెక్షన్ తెగినా పనిని కొనసాగించే టెర్మినల్ సాధనంలోనే) నడపాలి, ఎందుకంటే అది లేకుండా మధ్యలో కనెక్షన్ తెగితే పని సగంలో ఆగి, ఒకే ప్యాకేజీకి రెండు వెర్షన్లు మిగిలిపోవచ్చు.

స్నాప్‌షాట్: వర్చువల్ మెషీన్ అయితే దాని ప్రస్తుత స్థితి నకలైన స్నాప్‌షాట్‌ను తప్పక తీసుకోవాలి, ఎందుకంటే గ్రూపును తొలగించినా వ్యవస్థ పూర్వస్థితికి వస్తుందన్న భరోసా లేదు.

స్థలం: వచ్చేవి వందల ప్యాకేజీలు. ‘వై’ నొక్కే ముందు డీఎన్ఎఫ్ చూపే సైజును డిస్క్‌లోని ఖాళీతో పోల్చుకోవాలి.

బూట్: గ్రూపు వేసినంత మాత్రాన డిఫాల్ట్ టార్గెట్ మారదు. డెస్క్‌టాప్ లేని మల్టీ-యూజర్ టార్గెట్‌నే ఉంచి, కావలసినప్పుడు డెస్క్‌టాప్ ఉన్న గ్రాఫికల్ టార్గెట్‌ను స్టార్ట్ చేస్తే మెమరీ మిగులుతుంది.

ఒక్క ఇన్‌స్టాలర్ విండో కోసమే అయితే, నా దృష్టిలో డెస్క్‌టాప్ అనవసరం. సర్వర్‌లోని విండోను ఎస్ఎస్‌హెచ్ ద్వారా మన కంప్యూటర్ తెరపై చూపే ఎక్స్11 ఫార్వర్డింగ్ సరిపోతుంది.