పదిమంది వచ్చే సాయంత్రానికి సర్వపిండి, మసాలా వడ, గుగ్గిళ్ళు

సాయంత్రం ఇంటికి పదిమంది వస్తున్నప్పుడు నూనెలో వేయించే పిండివంటలు రెండు మూడు రకాలు పెట్టుకుంటే, వచ్చినవారు వెళ్ళేదాకా ఇంటివారు బాణలి దగ్గరే నిలబడవలసి వస్తుంది. అందువల్ల ముందే చేసి ఉంచగలిగేది ఒకటి, అప్పటికప్పుడు వేడిగా వడ్డించేది ఒకటి, నూనె పడనివారికి ఒకటి ఎంచుకోవడం మేలు.

మొదటిదానికి సర్వపిండిని మించినది లేదు. తెలంగాణలో కొన్నిచోట్ల గిన్నెప్ప అనీ, తపాలచెక్క అనీ పిలిచే ఈ వంటకం చల్లారినా రుచి తగ్గదు కనుక మధ్యాహ్నమే ముగించుకోవచ్చు. మూడు కప్పుల బియ్యప్పిండిలో గంటసేపు నానబెట్టిన శనగపప్పు మూడు చెంచాలు, కచ్చాపచ్చాగా దంచిన వేయించిన పల్లీలు అర కప్పు, నువ్వులు రెండు చెంచాలు, జీలకర్ర, దంచిన వెల్లుల్లి, కారం, ఉప్పు, కరివేపాకు, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేయాలి. ఉల్లాకు దొరికే కాలమైతే ఉల్లిపాయకు బదులు అదే వేయండి. ఆ రుచి వేరు. ఉల్లి నుంచి కూడా తడి వస్తుంది కాబట్టి నీళ్ళు కొద్దికొద్దిగా చిలకరిస్తూ, చపాతీ పిండికంటే కొంచెం మెత్తగా కలపాలి.

అడుగు మందంగా ఉన్న గిన్నెకు నూనె రాసి, పిండిముద్దను అడుగున పలుచగా, అంచుల మీదికి కొంచెం ఎక్కేలా చేత్తో అద్దాలి. వేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి ఒక్కోదానిలో రెండు చుక్కల నూనె వేసి, మూతపెట్టి సన్నని మంట మీద పది పన్నెండు నిమిషాలు ఉంచితే అడుగు ఎర్రగా కాలి, పైభాగం ఆవిరికి ఉడుకుతుంది. తిరగేయవలసిన పని లేదు; అంచులు గిన్నెను వదిలాయంటే అయినట్లే. వేడి గిన్నెలో రెండోది అద్దితే చేయి కాలడమే కాక పిండి కూడా సరిగా పరుచుకోదు. అందుకే రెండు గిన్నెలు పెట్టుకుని, ఒకటి చల్లారేలోగా మరొకదానితో పని నడిపించాలి.

వేడిగా వడ్డించడానికి మసాలా వడ చాలు. రెండు కప్పుల శనగపప్పును రెండు గంటలు మాత్రమే నానబెట్టి, చిల్లుల గిన్నెలో వేసి నీరంతా ఓడ్చాలి. గుప్పెడు పప్పు విడిగా తీసి, మిగిలినదాన్ని చుక్క నీరు పోయకుండా, అల్లం, పచ్చిమిర్చితో బరకగా రుబ్బి, తీసి ఉంచిన పప్పును అందులో కలపాలి. ఇంతవరకు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. ఉల్లిపాయ, ఉప్పు మాత్రం బాణలి పొయ్యిమీద పెట్టిన తరువాతే కలపాలి. ముందే కలిపితే పిండి నీరు విడిచి వడలు నూనెలో విడిపోతాయి. విడిపోతున్న పిండిలో ఒక చెంచా బియ్యప్పిండి వేస్తే సర్దుకుంటుంది కానీ, ఎక్కువైతే వడ గట్టిపడుతుంది.

చిటికెడు పిండి వేసినప్పుడు అది వెంటనే పైకి తేలి, మాడకుండా ఉంటే నూనె సరిగా కాగినట్లు. బాణలి నిండా వడలు వేస్తే నూనె ఒక్కసారిగా చల్లబడి, వాటిలోకి ఇంకిపోతుంది కాబట్టి వాయికి ఐదారు మించకుండా, మధ్యస్థమైన మంట మీద వేయించండి. పొద్దునే రుబ్బి పెట్టుకున్న అల్లం పచ్చడి వీటికి సరిజోడు. ఇంట్లో పులిసిన దోసెల పిండి మిగిలి ఉంటే, అందులో కొంచెం బొంబాయి రవ్వ, జీలకర్ర, పచ్చిమిర్చి కలిపి చివరి వాయిల్లో పునుగులు వేయవచ్చు. పిల్లలు ఉన్న ఇంట్లో వడలకంటే అవే ముందు అయిపోతాయి.

నూనె వద్దనేవారికి గుగ్గిళ్ళు. రాత్రి నానబెట్టిన శనగలను ఉప్పు వేసి కుక్కర్‌లో మెత్తబడేదాకా ఉడికించి, నీరు వంపేసి, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో చెంచాడు నూనెలో పోపు పెట్టాలి. ఉడికించిన నీటిని పారబోయవద్దు, మర్నాటి చారుకు పనికివస్తుంది. పచ్చికొబ్బరి తురుము, నిమ్మరసం పొయ్యి ఆర్పిన తరువాతే కలపాలి. మంట మీద ఉండగా పిండితే నిమ్మరసం చేదెక్కుతుంది.