పాత మస్టాంగ్ కొనేముందు కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి చూశారా?

అడ్వాన్స్ ఇచ్చేశాక ఫోన్ చేసి "అన్నా, ఒకసారి వచ్చి చూస్తావా" అంటారు మనవాళ్లు. ఇవ్వకముందు అడిగినవాళ్లు చాలా తక్కువ. అందుకే 1967, 68 ఫోర్డ్ మస్టాంగ్ కార్ల గురించి రాస్తున్నాను, నా చేతులు ఎక్కువగా కాయలు కాసింది వాటి మీదే.

తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంటోంది

సంతోషపడకండి. ముందు హుడ్, అంటే బానెట్, ఎత్తి రేడియేటర్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేలోపే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లారనిచ్చి మళ్లీ చూడండి. చల్లటి ఇంజిన్ మొదట కొద్దిసేపు నీలం పొగ వదిలి ఆపేస్తే వాల్వ్ సీల్స్, అంటే ఆయిల్ లోపలికి దిగకుండా ఆపే రబ్బర్లు, గట్టిపడ్డాయని, అది భరించగలిగే ఖర్చే. పొగ ఆగకుండా వస్తూనే ఉంటే ఇంజిన్ విప్పాల్సిందే.

390 ఇంజిన్ అంటున్నారు, నమ్మకం కలగడం లేదు

390 అంటే క్యూబిక్ అంగుళాల్లో ఇంజిన్ సైజు. బ్యాడ్జీలు ఎవరైనా కొని అంటించుకోవచ్చు. వీఐఎన్, అంటే కారు గుర్తింపు నంబర్, చదవండి. 8 ఆర్ 02 ఎస్ అని మొదలైతే 1968 మోడల్, శాన్ హోసే ఫ్యాక్టరీ, ఫాస్ట్‌బ్యాక్ (పైకప్పు వెనక్కి ఏటవాలుగా దిగే బాడీ), 390 ఇంజిన్. ఐదో స్థానంలో సి ఉంటే అది చిన్నదైన 289 ఇంజిన్, టూ బ్యారెల్ కార్బ్యురేటర్‌తో పుట్టిన కారు, 390 తర్వాత వచ్చి చేరింది. అలాంటి కారు కొనకూడదని కాదు, 390 ధర పెట్టకూడదు. తలుపు మీది ప్లేటు కొత్తది చేయించుకోవచ్చు కాబట్టి డ్రైవర్ వైపు లోపలి ఫెండర్ రేకు మీద కొట్టిన నంబర్‌తో సరిచూడండి. ఫోర్డ్ ఉత్పత్తి రికార్డుల నుంచి తీసే మార్టి రిపోర్ట్ 1967 కార్ల నుంచి దొరుకుతుంది. కారు మీద పెట్టే డబ్బుతో పోలిస్తే దాని ఖర్చు ఎంత?

కాళ్ల దగ్గర తడి, లేదా కార్పెట్ అనుమానం వచ్చేంత కొత్తగా ఉంది

నేను దెబ్బతిన్నది ఇక్కడే. అమెరికాలోని ఆరిజోనా నుంచి ఒక 68 ఫాస్ట్‌బ్యాక్ తెచ్చుకున్నాను. ఎండ ప్రాంతం, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లరు, కింద దూరి చూస్తే రేకు శుభ్రంగా ఉంది. ఫ్లోర్ పాన్లు, అంటే నేల రేకులు, కొత్తవని అమ్మినాయన గర్వంగా చెప్పాడు. అవి ఎందుకు మార్చాల్సి వచ్చిందో నేను అడగలేదు.

మొదటి వానకే ప్యాసింజర్ వైపు కార్పెట్ నానింది. హీటర్ కోర్, అంటే కూలెంట్ తిరిగే చిన్న రేడియేటర్, కారుతోందనుకుని మార్చాను. రెండో వానకు మళ్లీ తడి. విండ్‌షీల్డ్ రబ్బరు మార్చాను. మూడో వానకూ అదే కథ. చివరికి మా అబ్బాయికి టార్చ్ ఇచ్చి డాష్ కింద పడుకోబెట్టి, వైపర్ల దగ్గరున్న జాలీలో చెంబుతో నీళ్లు పోశాను. "నాన్నా, ధార కడుతోంది!" అని అరిచాడు.

ఆ జాలీ కింద ఉన్నది కౌల్, అంటే అడ్డంగా పెట్టిన ఒక రేకు తొట్టి. వాన నీళ్లు అందులో పడి, రెండు కొసల నుంచి ఫెండర్ల వెనగ్గా కిందికి పోవాలి. లోపలికి గాలి వెళ్లడానికి తొట్టి అడుగున రెండు పెద్ద రంధ్రాలుంటాయి. నీళ్లు దిగకుండా వాటి చుట్టూ రేకు అంచు నిలబెట్టి ఉంటుంది. ఆకులు, దుమ్ము చేరి ఆ అంచు మొదట్లో తడి ఆరదు, అక్కడే తుప్పు తింటుంది. నా కారులోంచి పైన్ ఆకులు, నానిన టీ పొడిలాంటి మట్టి గుప్పెళ్లతో తీశాను. ఎండ ప్రాంతం కారే, కానీ ఏళ్ల తరబడి చెట్టు కింద నిలబడింది. ప్యాసింజర్ వైపు రంధ్రం నేరుగా హీటర్‌కే గాలి ఇస్తుంది కాబట్టి అందరూ ముందు హీటర్‌నే అనుమానిస్తారు. తడి జిగటగా ఉండి తియ్యటి వాసన వస్తే కూలెంట్, అప్పుడే హీటర్ కోర్ జోలికి వెళ్లండి. మామూలు నీళ్లయితే వెళ్లకండి.

కొనేముందే ఈ పరీక్ష చేయండి. కార్పెట్ ఎత్తండి. అద్దం తడవకుండా నీళ్లు జాలీలోనే పోయండి, తడిస్తే తప్పు రబ్బరుదో కౌల్‌దో తేలదు. ఒక వైపు సగం బకెట్ నిదానంగా పోసి, రెండు నిమిషాలు ఆగి, రెండో వైపు పోయండి. నీళ్లు బయట ముందు చక్రాల వెనక కారాలి. లోపల చుక్క పడితే అంచు పోయింది. లోపలా పడక బయటా రాకపోతే దారి పూడుకుపోయింది, అదీ మంచి కబురు కాదు.

వానలో తీయని కారుకి, కింది నుంచి రంధ్రంలోకి తోసి సీలెంట్‌తో అంటించే ప్లాస్టిక్ టోపీలు కొన్నాళ్లు ఆపుతాయి. హీటర్ వైపు అది పెట్టాలన్నా హీటర్ బాక్స్ దించాలి. తుప్పు మాత్రం పైన తన పని తాను చేసుకుపోతుంది. అసలు రిపేరంటే ఫెండర్లు, హుడ్, వైపర్లు విప్పి, వందకు పైగా వెల్డింగ్ చుక్కలు డ్రిల్‌తో తీసి, పై రేకు లేపి, కింది రేకు మార్చి మళ్లీ అతకడం, ఆపైన పెయింట్. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి, లేదా ఇంకో కారు చూసుకోండి. కౌల్ బాగుచేయకుండా ఫ్లోర్లు మారిస్తే కొత్త రేకు కూడా నానుతూనే ఉంటుంది.

మిగతావి

తలుపు మూసేటప్పుడు ఎత్తి మూయాల్సి వస్తే ఎక్కువసార్లు హింజ్ బుష్‌లే, అంటే తలుపు కీళ్లలోని బుష్‌లు అరిగినట్టు. తలుపులు బాగుండి వాటి అంచు సందు మాత్రం పైనా కిందా ఒకేలా లేకపోతే ముందు చక్రాల వెనక టార్క్ బాక్సుల్లో, అంటే బాడీని గట్టిగా పట్టి ఉంచే రేకు పెట్టెల్లో, తుప్పు చూడండి. వీటికి విడిగా చాసిస్ లేదు, రేకే అస్థిపంజరం.

పుట్టీ ఉందేమోనన్న టెన్షన్ ఉంటే పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం చాలు. వెనక చక్రాల పైన, డోర్ల కింద పట్టకపోతే పుట్టీయే. ఇంజిన్ బ్లాక్ పగలడం, మొత్తం బాడీ మెలికపడటం లాంటివి అరుదు, వాటిని లిఫ్ట్ మీద మెకానిక్ చూసుకుంటాడు.

డిక్కీలో పెట్రోల్ వాసన వస్తే కంగారుపడి వెనక్కి రాకండి. ఈ కార్లలో ట్యాంకు పైభాగమే డిక్కీ నేల. ఎక్కువసార్లు పెట్రోల్ పోసే గొట్టాన్ని ట్యాంకుకు కలిపే రబ్బరు పగిలి ఉంటుంది. చిన్న ముక్క, మార్చుకుంటే సరి.