అరకు ప్రయాణానికి ముందు కెమెరా జాగ్రత్తలు

కొత్త కెమెరా కొని నేరుగా రైలెక్కొద్దు. కనీసం వారం రోజులు ఇంటి చుట్టుపక్కల ఫొటోలు తీసి, మీటలు చేతికి అలవాటు చేసుకోండి. రైలు కిటికీలోంచి కనిపించే లోయలకు కెమెరాతో పాటు మామూలుగా వచ్చే 18-55 ఎం.ఎం. జూమ్ లెన్స్ చాలు. బొర్రా గుహల్లో వెలుతురు తక్కువ కాబట్టి ఎక్కువ వెలుతురును లోపలికి రానిచ్చే ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి ఉంటే మేలు. మూడోది మోయకండి, అది బ్యాగులోంచి బయటికే రాదు!

• అసలు టెన్షన్ తేమతోనే. చల్లటి ఏసీ బోగీలోంచి దిగి వెంటనే కెమెరా తీస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. అరగంట బ్యాగు జిప్పు తీయకుండా ఆగండి. లోపల తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేయండి. గుహలో లెన్స్ మార్చొద్దు, పైనుంచి నీటి చుక్కలు పడుతుంటాయి.

• చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. స్పేర్‌ది చొక్కా లోపలి జేబులో ఉంచుకోండి. విశాఖ దాకా విమానంలో వచ్చేవాళ్లు విడి బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే తేవాలి.

• మెమరీ కార్డులు రెండు తీసుకెళ్లండి.

• కెమెరా బిల్లు, సీరియల్ నంబరు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

• రైలు తలుపు దగ్గర వేలాడుతూ తీయొద్దు. ఆ దారిలో సొరంగాలు చాలా ఉన్నాయి.

• బొర్రా దగ్గర కోతులుంటాయి. ఒక చేతిలో కెమెరా, మరో చేతిలో చిప్స్ ప్యాకెట్ అస్సలు కుదరదు.

• సంతలో గిరిజనులను ఫొటో తీసే ముందు అడగండి. వద్దంటే కెమెరా దించేయండి.