మాటల మూలాలు – 7వ పాఠం: స్టైల్‌లో దాగిన ఘంటం

నిఘంటువులో అర్థం పక్కన చిన్న అక్షరాల్లో ఉండే వ్యుత్పత్తిని ఎలా చదవాలో పోయిన పాఠంలో చూశాం. దాన్ని చదవకుండా చెవిని నమ్ముకుంటే ఏమవుతుందో ఈసారి చూద్దాం.

రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే బస్సులో ఒక పెద్దాయన నాతో వాదం పెట్టుకున్నారు. "మన శైలినే తెల్లవాళ్లు స్టైల్ చేసుకున్నారండీ!" కొత్తపేట దాటేదాకా వదల్లేదు. అర్థం కలుస్తోంది, ధ్వనీ కలుస్తోంది. ఆయన్ను తప్పుపట్టలేం. కానీ శైలి పుట్టింది సంస్కృత 'శీల' నుంచి, అంటే నడవడి. స్టైల్‌కు మూలం లాటిన్ 'స్టిలుస్'. అది మొనదేలిన రాత పనిముట్టు, మన ఘంటం లాంటిది.

రోమన్లు చెక్కపలక మీద మైనం పరిచి రాసేవారు. స్టిలుస్‌కు ఒక కొన వాడి, రెండోది చదును. తప్పు పడితే తిప్పి పట్టుకుని మైనాన్ని సాపు చేసేవారు. రెండోసారి చదవదగ్గది రాయాలంటే స్టిలుస్‌ను తరచూ తిప్పమని కవి హొరేస్ చెప్పింది అందుకే. మన తాటాకు మీద ఆ వెసులుబాటు లేదు. ఘంటంతో గీసింది గీసినట్టే, పైగా మసి రుద్దితే తప్పు కూడా నల్లగా తేలుతుంది. మా తాతగారి ఘంటాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు కొంచెం భయం వేస్తుంది.

"ఆయన కలం పదునైనది" అంటాం కదా, అక్కడ పదును కలానికా? పనిముట్టు పేరుతో రాతను పిలుస్తున్నాం. స్టిలుస్ కూడా అలాగే రాసే తీరుకు పేరైంది. ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దానికే ఇంగ్లీషులో ఉంది. తర్వాత ఏ పని తీరుకైనా వాడారు, చివరికి జుట్టు దువ్వే తీరుకు కూడా.

ఇక స్పెల్లింగు. మధ్యయుగపు ఇంగ్లీషులో దీన్ని 'ఐ' అక్షరంతోనూ రాసేవారు. లాటిన్‌లోనూ 'ఐ' అక్షరమే. కానీ గ్రీకులో స్తంభానికి 'స్టూలోస్' అని పేరు. ఈ మాట దాని సంతానమే అనుకున్న పండితులు గ్రీకు వాసన కోసం 'వై' తగిలించారు. బస్సులో పెద్దాయన పడిన పొరపాటే ఇది. ఆయనది అమలాపురంలో దిగిపోయింది, వీళ్లది స్పెల్లింగులో స్థిరపడిపోయింది.

అభ్యాసం: నోటుపుస్తకంలో పాత రూపం, పాత అర్థం, వచ్చిన దారి అని మూడు గడులు గీయండి. కడియం నర్సరీల వైపు వెళితే ఒక మందారాన్ని విప్పి చూడండి. నడుమ గొట్టంలోంచి సాగి, చివర అయిదుగా చీలే సన్నని కాడ ఉంటుంది. తెలుగు వృక్షశాస్త్రంలో కీలం, ఇంగ్లీషులో స్టైలే. ఇది ఘంటం సంతానమా, స్తంభం సంతానమా? స్టిలెట్టో చెప్పుల మడమకు ఆ పేరు ఎలా వచ్చిందో కూడా వెతకండి. ఇటాలియన్‌లో ఆ మాటకు చిన్న బాకు అని అర్థం. జవాబులు 8వ పాఠంలో.